విశాఖ కంబాలకొండ అడవిలో ఎండుటాకులు ఊడ్చేస్తే కార్బన్ తగ్గుతుందా?

ఎండాడ కుర్రాడు: తొలకరి పడగానే అడవి నేల నుంచి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఆకులు కుళ్లబట్టే కదా! మే నెలలోనే కంబాలకొండలో ఆకులన్నీ ఊడ్చేస్తే నిప్పు భయమూ ఉండదు, కార్బనూ తగ్గుతుంది. తప్పేముంది?

ఎర్రమట్టి: తప్పే తమ్ముడూ. తొలకరికి కార్బన్ అలా ఎగదన్నడాన్ని బర్చ్ ఎఫెక్ట్ అంటారు. 1958లో బర్చ్ అనే శాస్త్రవేత్త వివరంగా రాశాడు. అది ఒక్క ఆకుల పని కాదు. ఎండకు చచ్చిన సూక్ష్మజీవులు, మట్టి గడ్డల్లో ఇరుక్కున్న పదార్థం తడి తగలగానే బతికున్న సూక్ష్మజీవులకు మేతవుతాయి. పైన ఊడిస్తే కింద ఆగుతుందా?

ఎండాడ కుర్రాడు: కొత్త ఆకుల మేత దొరికితే సూక్ష్మజీవులు మట్టిలోని పాత కార్బన్‌ను కూడా కుళ్లబెట్టి గాలిలోకి వదులుతాయంటారుగా, ప్రైమింగ్ అని?

మధురవాడ మాస్టారు: ఆ మాట నిజమే బాబూ, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. కానీ తేమ లెక్క కూడా చూడు. మరీ పొడిగా ఉంటే సూక్ష్మజీవులు పని చెయ్యవు. నీళ్లు నిండిపోతే ఆక్సిజన్ అందదు, ఎందుకంటే అది నీటిలో గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. నడిమి తేమలోనే కార్బన్ జోరుగా పోతుంది. కొండవాలు మీద నీరు నిలవదు కాబట్టి వానాకాలంలో చాలా రోజులు అదే స్థితి.

ఎండాడ కుర్రాడు: అంటే ఆకులు తడిని పట్టి ఉంచి ఆ జోరును ఇంకా పెంచుతాయన్నమాట. నా మాటే గెలిచింది!

ఎర్రమట్టి: సగమే. ఊడ్చిన ఆకులు ఎక్కడ వేస్తావ్? కాల్చితే ఆ రోజే గాలిలోకి పోతాయి, డంపులో వేస్తే అక్కడ కుళ్లుతాయి. అడవిలోనే ఉంటే కొంత కార్బన్ బంకమట్టి రేణువులకు అంటుకుని ఏళ్ల తరబడి నిలుస్తుంది. ప్రపంచ నేలల పై మీటరులో దాదాపు 1,500 బిలియన్ టన్నుల కార్బన్ ఉంది, వాతావరణంలో ఉన్న దానికన్నా ఎక్కువ. అందులో చాలా భాగం ఇలా నిలిచిందే. ఆకు కప్పు లేకపోతే వాలు మీది ఎర్రమట్టి మొదటి జడివానకే కొట్టుకుపోతుంది.

సింహాచలం సుబ్బారావు: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కూల్చిన చెట్లు గుర్తున్నాయా? అంత కలప కుళ్లుతూ ఏళ్లపాటు కార్బన్ వదులుతుంది. మీరు ఆకుల దగ్గరే కొట్టుకుంటున్నారు.

మధురవాడ మాస్టారు: కలప సంగతి వేరే పోస్టు పెట్టండి. నిప్పు భయానికి ఫైర్ లైన్ల (మంట పాకకుండా అడవిలో ఖాళీగా ఉంచే బాటల) వరకు శుభ్రం చేస్తే చాలు, నాకు అభ్యంతరం లేదు.

ఎండాడ కుర్రాడు: ఫైర్ లైన్లు ఒప్పుకున్నారుగా, అది చాలు. ప్రైమింగ్ మీద మాత్రం తగ్గను.