లాంకాస్టర్ మోడల్ బహుమతి: ‘ఆయన విమానం’ అని ఏ ఆధారంతో రాస్తాం?

రెక్కల_రాజు
విషయం ఇదండీ. ఇంగ్లండ్‌లో లింకన్ దగ్గర వృద్ధాశ్రమంలో ఉన్న ఒక పెద్దాయనకి నూరేళ్లు నిండబోతున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్) 101 స్క్వాడ్రన్‌లో రియర్ గన్నర్, అంటే విమానం తోకలో కూర్చుని తుపాకులు పేల్చేవాడు. అక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ఆయనకి లాంకాస్టర్ బాంబర్ విమానం మోడల్, 1/72 సైజులో (అసలు దాంట్లో 72వ వంతు), ఇవ్వాలనుకుంటున్నాయి. కట్టేది విశాఖలో. ఆగస్టు ఆఖరుకల్లా అక్కడికి చేరాలి.

చేతిలో ఉన్నవి: ఆయన ఎగిరిన ప్రతిసారీ రాసుకున్న లాగ్‌బుక్‌లో నాలుగు పేజీల ఫోటోలు (1944 జూన్ నుంచి సెప్టెంబరు దాకా), క్రూ అంతా నిలబడిన ఒక నలుపు తెలుపు ఫోటో. అందులో విమానం ముక్కు సగమే కనిపిస్తోంది. లాగ్‌బుక్‌లో నాలుగు వేర్వేరు విమానాల అక్షరాలున్నాయి, సీరియల్ నంబరు ఒక్కటీ లేదు. ఇందులో ఒకదాన్ని పట్టుకుని అచ్చం అదే కట్టాలా? లేక కిట్ డబ్బాలో వచ్చిన గుర్తులతో శుభ్రంగా ఒక లాంకాస్టర్ కట్టిస్తే సరిపోతుందా? ఇక్కడ రెండు పార్టీలున్నాయని తెలుసు, కొట్టుకోండి.

స్ప్రూ_సుబ్బు
డబ్బా గుర్తులు మాత్రం వద్దు. లాంకాస్టర్ డబ్బాల్లో ఎక్కువగా కనిపించేవి పేరున్న విమానాల గుర్తులే. ఉదాహరణకి ఆర్5868, ‘ఎస్ ఫర్ షుగర్’. లండన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. దాని మీది పిఓ అక్షరాలు ఆస్ట్రేలియా వాళ్ల 467 స్క్వాడ్రన్‌వి. 101 వాళ్లవి ఎస్ఆర్. 101 స్థావరం లూడ్‌ఫర్డ్ మాగ్నా నుంచి ఎగిరిన మనిషి చేతిలో ఇంకో స్క్వాడ్రన్ విమానం పెడితే ఆయన మర్యాదకి థాంక్స్ చెప్తాడు, అంతే.

పైగా 101 మామూలు స్క్వాడ్రన్ కాదు. 1943 అక్టోబరు నుంచి వాళ్ల విమానాల్లో ‘ఎయిర్‌బోర్న్ సిగార్’ అనే జామింగ్ పరికరం ఉండేది. జర్మన్ నైట్‌ఫైటర్లకి నేల మీంచి వెళ్లే రేడియో మాటల్ని చెడగొట్టడం దాని పని. దాని కోసం జర్మన్ తెలిసిన ఎనిమిదో మనిషి ఎక్కేవాడు. మిగతా లాంకాస్టర్లలో ఏడుగురే. బయటికి కనిపించే తేడా ఏరియల్స్: పైన రెండు, ముక్కు కింద ఒకటి, ఒక్కోటి ఏడడుగులు. 1/72లో 29.6 మి.మీ. అవి లేకుండా ఎస్ఆర్ అక్షరాలు వేస్తే తెలిసినవాడు దూరం నుంచే పట్టేస్తాడు.

సీరియల్ దొరక్కపోవడం సమస్య కాదు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరుసలో స్క్వాడ్రన్ల ఆపరేషన్స్ రికార్డు పుస్తకాలున్నాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫారం 540 రోజువారీ సారాంశం. మీకు కావలసింది ఫారం 541: ఏ రాత్రి, ఏ విమానం, ఎవరెవరు ఎక్కారు, ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది. లాగ్‌బుక్ తేదీ పక్కన అది పెట్టి పైలట్ పేరు వెతకండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అక్షరం విమానానికి శాశ్వతం కాదు. ఒకటి కూలిపోతే దాని స్థానంలో వచ్చిన కొత్తదానికి అదే అక్షరం వేసేవాళ్లు. జూన్‌లో ‘కె’, ఆగస్టులో ‘కె’ వేరువేరు విమానాలు కావచ్చు. అక్షరం పట్టుకుని ఇంటర్నెట్‌లో సీరియల్ వెతికితే చచ్చిన విమానం నంబరు బతికున్న మనిషికి అంటగట్టినట్టవుతుంది.

పాత_పుట్టీ
సుబ్బు గారూ, చెప్పినదంతా నిజమే, కానీ ఈ మోడల్ చూసేదెవరు? నూరేళ్ల కళ్లు. 1/72లో 8 అంగుళాల సీరియల్ నంబరు ఎత్తు 2.8 మి.మీ. ఆయన దాన్ని చదవలేడు. చేత్తో తడిమి చూస్తాడు, పక్కవాళ్లు ఎత్తి చూపిస్తారు, శుభ్రం చేసేవాళ్లు గుడ్డతో తుడుస్తారు. 30 మి.మీ. ఏరియల్ తీగలు మూడు, యాంటెనా దారాలు, ఎనిమిది తుపాకీ గొట్టాలు. వారంలో సగం ఊడతాయి.

నా లెక్కలో బహుమతి మోడల్‌కి మొదటి లక్షణం గట్టితనం. చక్రాలు కిందికి, బాంబు తలుపులు మూసి, టరెట్లు (తుపాకులుండే తిరిగే గూళ్లు) జిగురుతో బిగించి, పైన అక్రిలిక్ పెట్టె. రెక్కల వెడల్పు 432, పొడవు దగ్గరదగ్గర 293 మి.మీ. కాబట్టి లోపలి కొలత కనీసం 480 × 340. ఒక్కో ప్రధాన చక్రంలోంచి 1 మి.మీ. ఇత్తడి కడ్డీ దింపి పీటలోకి ఎపాక్సీతో దించండి. తోకచక్రం విమానం కాబట్టి ముక్కులో బరువు పెట్టే బాధ లేదు, అదొక్కటే అదృష్టం.

స్క్వాడ్రన్ అక్షరాలు మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. సీరియల్, అరుగుదల, మరకలు అంటూ ఊహలు కలపడానికే అభ్యంతరం.

స్ప్రూ_సుబ్బు
పెట్టెలో పెడితే ఏరియల్స్ ఎందుకు ఊడతాయండీ? ప్లాస్టిక్‌వి ఊడతాయి. గిటార్ మొదటి తీగ 0.25 మి.మీ. ఉక్కు, వంచినా లేచి నిలబడుతుంది. రంగులు వేయకముందే 0.3 డ్రిల్‌తో రంధ్రాలు, లోపలివైపు ఎపాక్సీ చుక్క. తీగలు మాత్రం మ్యాట్ వార్నిష్ అయ్యాకే దింపాలి. యాంటెనా దారానికి సాగే లైక్రా పోగు వాడితే గుడ్డ తగిలినా తెగదు. ఊహలు కలపకూడదన్న మాట మాత్రం ఒప్పుకుంటాను.

గోదారి_గ్లైడర్
బాంబర్ స్క్వాడ్రన్లని గ్రూపులుగా విడగొట్టారు కదా, అందులో 5 గ్రూప్ లాంకాస్టర్లకి ఎర్ర అక్షరాల చుట్టూ పసుపు అంచు ఉండేది కదా, అది వేస్తే కళ్లకీ బాగా ఆనుతుంది?

స్ప్రూ_సుబ్బు
5 గ్రూప్‌కి ఉండేది. 101 స్క్వాడ్రన్ 1 గ్రూప్. వద్దు.

నలుపూ_తెలుపూ
అందరూ అక్షరాల గురించే మాట్లాడుతున్నారు. ముక్కు పక్కన వరసలుగా వేసే బాంబు బొమ్మల సంగతేంటి? ఆ ఒక్కో బొమ్మ కింద ఒక ఊరుంది. 1943 జూలైలో హాంబర్గ్, 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్. డ్రెస్డెన్‌లోనే దాదాపు 25,000 మంది పోయారని ఆ నగరం వేసిన చరిత్రకారుల కమిషన్ తేల్చింది. బ్రిటన్ కూడా బాంబర్ కమాండ్ (ఆర్‌ఏఎఫ్ బాంబర్ల విభాగం) స్మారకాన్ని లండన్ గ్రీన్ పార్కులో 2012 దాకా కట్టలేదు, ఊరికే కాదు. మనిషిని గౌరవించండి, తప్పు లేదు. బాంబుల లెక్కని అలంకారం చేయకండి. తెరిచిన బాంబు తలుపులు, లోపల 4,000 పౌండ్ల ‘కుకీ’ పెట్టి చూపించడం నాకు గౌరవంగా అనిపించదు.

పాత_పుట్టీ
తలుపులు మూయమని నేనూ అన్నాను, కారణం వేరు.

తోక_టరెట్
నలుపూ తెలుపూ గారూ, ఈయన లాగ్‌బుక్ 1944 జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ వేసవి బాంబర్ కమాండ్ పనిలో పెద్ద భాగం నార్మండీ సైన్యానికి సాయం, ఫ్రాన్స్‌లో రైలు యార్డులు, జర్మన్ల ఎగిరే బాంబు వి-1 స్థావరాలు. జర్మన్ నగరాలు లేవని కాదు, జూలై ఆఖర్లో స్టుట్‌గార్ట్ మీద మూడు రాత్రులున్నాయి. ఏ రాత్రి ఎక్కడికి వెళ్లారో లాగ్‌బుక్‌లోనే ఉంటుంది. రాత్రి ఆపరేషన్లు ఎర్ర సిరాతో, పగటివి ఆకుపచ్చతో రాసేవాళ్లు. మనం బొమ్మలు వేసినా వేయకపోయినా ఆ పుస్తకం ఆయన దగ్గరే ఉంది. ఇంకో పక్క లెక్క కూడా చూడాలి: బాంబర్ కమాండ్ విమానాలెక్కిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది తిరిగి రాలేదు.

అయినా బాంబు బొమ్మలు వద్దనే నా మాట కూడా. నా కారణం నీతి కాదు, లెక్క. ఆ బొమ్మలు విమానం చేసిన ఆపరేషన్లవి, మనిషివి కావు. మనిషికి ఒక టూర్ అంటే మామూలుగా 30 ఆపరేషన్లు. ఎస్ ఫర్ షుగర్ ముక్కు మీద 137 ఆపరేషన్ల లెక్క ఉంది, అందులో ఎన్ని క్రూలు ఎక్కి దిగాయో. ఫలానా తేదీన ఫలానా విమానం ముక్కు మీద ఎన్ని బొమ్మలున్నాయో ఫోటో లేకుండా చెప్పలేం. మనిషి లెక్కని విమానం మీద వేస్తే రెండూ తప్పే.

అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన రియర్ గన్నర్. గంటల తరబడి కూర్చున్నది వెనక టరెట్లో. మిగతా మోడల్ ఎలా ఉన్నా సర్దుకుంటాడు, తోక తప్పుంటే మాత్రం చూడగానే తెలుస్తుంది. చూడాల్సినవి రెండు.

ఒకటి, ఏ టరెట్? డబ్బాలో వచ్చేది ఎఫ్ఎన్20, నాలుగు .303 బ్రౌనింగ్ మెషిన్‌గన్లు. కానీ 1944 మధ్య నుంచి 1 గ్రూప్‌లో కొన్ని విమానాలకి గెయిన్స్‌బరోలో తయారైన రోజ్ టరెట్ వచ్చింది, రెండు .5 అంగుళాల తుపాకులు. ఆకారమే వేరు. మీ తేదీలు సరిగ్గా ఆ మార్పు నడుమ పడ్డాయి. ఇది రికార్డుల్లో వెతకడం కంటే ఆయన్నే అడగడం తేలిక. తుపాకులు నాలుగా, రెండా? ఒక్క ప్రశ్న.

రెండు, ఎఫ్ఎన్20 అయితే గన్నర్ ముఖానికి ఎదురుగా ఉన్న నడిమి పెర్‌స్పెక్స్ (అద్దంలాంటి ప్లాస్టిక్) తీసేసి ఉండవచ్చు. గీత పడ్డా, మంచు పట్టినా చీకట్లో శత్రువు కనబడడని చాలామంది తీయించుకున్నారు. చలికి ఓర్చుకున్నారు. ఇదీ అడగండి. తీసేసి ఉంటే మోడల్‌లో కోయాలి. ఆ పారదర్శక భాగం పాలీస్టైరీన్, మామూలు బూడిద రంగు ప్లాస్టిక్ కంటే పెళుసు. కత్తితో నొక్కితే ఫ్రేముకి అడ్డంగా చీలుతుంది. ముందు లోపల బ్లూటాక్ కూరి ఆధారం ఇవ్వండి. కోసే గడి చుట్టూ టేప్ రెండు పొరలు. 0.4 డ్రిల్‌ని చేత్తోనే తిప్పుతూ గడి లోపలి అంచు వెంట వరసగా చిల్లులు, మధ్య ముక్క తోసేసి సన్నటి ఆకురాయితో గీత దాకా. మోటారు డ్రిల్ పెడితే వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది. టరెట్‌ని అతికించేది ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతోనే. సూపర్ గ్లూ ఆవిరి తగిలితే అద్దం లోపల తెల్లపొర కడుతుంది, టరెట్ మూశాక దాన్ని తుడిచే దారి లేదు.

వైజాగ్_తేమ
కట్టేది విశాఖలో, అదీ జూలై, ఆగస్టుల్లో అంటున్నారు కాబట్టి ఒక మాట. లాంకాస్టర్ అడుగు, పక్కలు అంతా నలుపు. లాకర్ మ్యాట్ వార్నిష్ తేమలో కొడితే నలుపు మీద బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. గంట ముందే ఏసీ వేసి గది ఆరనివ్వండి, కంప్రెసర్ గొట్టానికి నీటిని పట్టే ట్రాప్ ఉండాలి, థిన్నర్‌లో రంగు ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కొంచెం. తెల్లబడితే గోకకండి, పలచగా మెరిసే (గ్లాసీ) వార్నిష్ కోటు కొడితే చాలావరకు పోతుంది. ఆరాక మళ్లీ మ్యాట్.

నలుపు అంటే డబ్బాలోంచి తీసిన పచ్చి నలుపు కాదు, ఆ సైజులో బొగ్గు ముద్దలా ఉంటుంది. తమియా ఎక్స్‌ఎఫ్-69 సరిపోతుంది. పైన హంబ్రోల్ 29 మట్టి రంగు, 163 ఆకుపచ్చ.

ఎర్ర అక్షరాల దగ్గర చాలామంది నలుపు మీద ఎరుపు కొట్టి, చాలక మళ్లీ కొట్టి, అంచున గట్టు కట్టిస్తారు. తిరగేసి చేయండి. ముందు ఆ చోట లేత బూడిద, దాని మీద ముదురు ఎరుపు. పూర్తిగా ఆరాక వినైల్ అక్షరాలు అతికించి పైన నలుపు, ఒత్తిడి 15-18 పీఎస్ఐ, మూడు నాలుగు పలచటి కోట్లు. వినైల్ పీకితే అడుగున ఎరుపు. డెకాల్ (నీటిలో తడిపి అతికించే గుర్తు) అంచు ఉండదు, దాని కింద గాలి చిక్కి వెండిలా మెరిసే పొర బాధ లేదు. అక్షరం ఎత్తుకి డబ్బాలోని రౌండెల్ (ఆర్‌ఏఎఫ్ గుండ్రటి గుర్తు) డెకాల్‌నే కొలబద్దగా పెట్టుకోండి, ఫోటోలో రౌండెల్‌కి అక్షరం ఎంతుందో చూసి అదే నిష్పత్తి.

ఎయిర్‌ఫిక్స్ కంపెనీ కొత్త అచ్చు కిట్ అయితే స్పార్ (రెక్కని మోసే లోపలి దూలం), రెక్క కలిసే చోట రంగు పడనీయకండి. అమరిక అంత బిగువు. ప్రైమర్ పొర మందానికే రెక్క కూర్చోదు, సందు పడుతుంది. ఆ సందుని పుట్టీతో నింపితే రెండు రెక్కల వాలు తేడా వస్తుంది. పీట మీంచి రెండు కొనల ఎత్తు కొలిచాకే జిగురు.

గోదారి_గ్లైడర్
అరుగుదల మాటేమిటి? లూడ్‌ఫర్డ్ మాగ్నాని బురద ఎక్కువై ‘మడ్‌ఫర్డ్ మాగ్నా’ అనేవాళ్లట. చక్రాలకి బురద, రెక్కల మీద రంగు లేచిపోవడం వేస్తే బాగుంటుంది కదా.

పాత_పుట్టీ
బహుమతిని బురదతో ఇస్తారా తమ్ముడూ!

తోక_టరెట్
బురద సంగతి అలా ఉంచి, రంగు లేచిపోవడం తేదీని బట్టి. చాలా లాంకాస్టర్లు రంగు పాతబడేదాకా బతకలేదు. ఫారం 541లో మీ విమానం మొదటిసారి కనబడింది జూలైలో, మీరు చూపించేది ఆగస్టు అయితే అది దాదాపు కొత్త విమానం. కానీ ఎగ్జాస్ట్ మరక కొన్ని రాత్రులకే వస్తుంది. సీసం కలిసిన పెట్రోలు కాబట్టి నల్ల మసి కాదు, లేత బూడిదలో గోధుమ ఛాయ, రెక్క మీద వెనక్కి సన్నబడుతూ. అంతవరకే వేయండి.

రెక్కల_రాజు
అందరికీ దండాలు. కుటుంబంతో మాట్లాడాను. పెద్దాయన తుపాకులు నాలుగు అన్నారట, ఎదుటి అద్దం లేదని కూడా. ఎఫ్ఎన్20 ఖాయం, గడి కోస్తాను. ఫారం 541లో ఆగస్టు రాత్రి ఒకటి పైలట్ పేరుతో సహా కలిసింది, సీరియల్ దొరికింది. బాంబు బొమ్మలు లేవు, తలుపులు మూసే. కడుపు కింద హెచ్2ఎస్ రాడార్ గుమ్మటం ఉందో లేదో మాత్రం తేలలేదు, ఫోటోలో ఆ భాగం రాలేదు. పీట మీద ఇత్తడి రేకుకి ‘ఆయన విమానం’ అని రాయించమంటున్నారు.

నలుపూ_తెలుపూ
నాలుగు విమానాలెక్కిన మనిషికి అది ఎలా కుదురుతుంది? పేరు, హోదా, 101 స్క్వాడ్రన్, ఆ రాత్రి తేదీ, సీరియల్. చాలు. అలాగే మిగతా ఏడుగురి పేర్లు కూడా వేయండి, ఫారంలో ఉన్నాయి కదా.

స్ప్రూ_సుబ్బు
ఏడుగురి పేర్లకి నాది కూడా ఓటు. 100 × 40 రేకులో ఎనిమిది వరసలు పడతాయి. గుమ్మటానికి అదే విమానం ఇంకో ఫోటో వెతకండి. దొరక్కపోతే దాన్ని జిగురు పెట్టకుండా విడిగా ఇచ్చి, ఆయన ఉందంటే అక్కడ పెట్టమనండి.

పాత_పుట్టీ
పంపేటప్పుడు బబుల్ రేపర్ రంగుకి తగలనీయకండి, ఎనామెల్ మీద గుండ్రటి అచ్చులు పడతాయి. పీటని పెట్టె అడుక్కి స్క్రూలతో బిగించండి, మోడల్ చుట్టూ ఏమీ కూరకండి. ఏరియల్స్ మూడూ విడిగా గొట్టంలో పెట్టండి, నాలుగోది అదనంగా.

రెక్కల_రాజు
తీగ ఎలాగూ మిగులుతుంది, ఆరు పంపిస్తాను.