విద్యార్థులు దేన్ని వేధింపుగా గుర్తిస్తున్నారు?

ప్రశ్న: మా విభాగంలో విద్యార్థుల అవగాహనపై సర్వే చేస్తున్నాను. "లైంగిక వేధింపులకు గురయ్యారా?" అన్న ప్రశ్నకు చాలామంది లేదని రాశారు, కానీ శరీరంపై వ్యాఖ్యలు, అర్ధరాత్రి సందేశాలు ఎదురయ్యాయా అని అడిగినచోట వాళ్లే అవునని టిక్కు పెట్టారు. ఈ తేడాను ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు 1: ఈ తేడా పరిశోధకులకు ఎప్పటినుంచో తెలిసినదే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లూయిస్ ఫిట్జ్‌జెరాల్డ్ బృందం 1988లో ప్రచురించిన ప్రశ్నావళి అందుకే ప్రవర్తనల గురించి విడివిడిగా అడిగి, వేధింపు అనే మాటను చివరి ప్రశ్నకే పరిమితం చేసింది. బలవంతం చేస్తేనో, మార్కులు ఆశ చూపితేనో తప్ప వేధింపు కాదన్న నమ్మకం విద్యార్థుల్లో బలంగా ఉంది. నిజానికి స్త్రీలను కించపరిచే మాటలు, చేతలే వేధింపుల్లో అన్నిటికంటే ఎక్కువని అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల 2018 నివేదిక తేల్చింది.

జవాబు 2: ఫిర్యాదుల కమిటీ ఉందని మా పరిశోధక విద్యార్థులందరికీ తెలుసు. అయినా సిద్ధాంత వ్యాసంపై సంతకం చేయవలసిన గైడే వేధిస్తున్నప్పుడు, తమ ఇన్నేళ్ల శ్రమ ఆయన చేతిలో ఉందని తలచుకుని నోరు మెదపరు. దీన్ని కూడా అవగాహన లోపమని రాస్తే వాళ్లకు అన్యాయం చేసినట్లే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఫిర్యాదు చేస్తే ఏమవుతుందని భయపడుతున్నారో, పేర్లు రాయించుకోకుండా, రెండో విడతలో అడుగుతాను.