ఎస్‌ఈసీలో 9 మ్యాచ్‌లు వచ్చేస్తే షెడ్యూల్ గొడవ తీరిపోతుందా? (లాంగ్‌హార్న్స్ అనే టెక్సస్ వాళ్ళు, ఆగీస్ అనే టెక్సస్ ఏ అండ్ ఎమ్ వాళ్ళు కొట్టుకోకుండా మాట్లాడండి ప్లీజ్)

ఫ్రిస్కో బావ:
పోయిన థాంక్స్‌గివింగ్ నుంచి మా వాట్సాప్ గ్రూప్‌లో ఇదే రచ్చ, అక్కడ బర్త్‌డే విషెస్ మధ్యలో కొట్టుకుపోతోందని ఇక్కడ పెడుతున్నా. కాలేజ్ ఫుట్‌బాల్ ఫాలో అవ్వనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్‌లో (కాలేజీ టీమ్‌ల లీగ్ అనుకోండి) ఇప్పుడు 16 టీమ్‌లు, 2024లో టెక్సస్, ఓక్లహోమా వచ్చి చేరాక ఈస్ట్ వెస్ట్ డివిజన్లు తీసేశారు, కానీ ఒక్కో టీమ్ కాన్ఫరెన్స్ లోపల ఆడింది 8 మ్యాచ్‌లే. అంటే మిగతా 15 టీమ్‌లలో ఏడింటి మొహం కూడా చూడకుండా సీజన్ అయిపోతుంది. 2026 నుంచి 9 చేశారు, మూడు టీమ్‌లు ప్రతి ఏడాదీ ఫిక్స్, మిగతా పన్నెండింటితో ఏడాదికి ఆరు చొప్పున తిప్పుతారు.

ఇప్పుడు నా కడుపుమంట. 2025లో మా టెక్సస్ సీజన్ మొదటి మ్యాచే ఒహాయో స్టేట్ మీద, అదీ వాళ్ళూళ్ళో, వాళ్ళు అప్పటికి నేషనల్ చాంపియన్లు. 14-7తో ఓడిపోయాం. తర్వాత జార్జియా వెళ్ళి 35-10తో తన్నించుకున్నాం, సరే. కానీ ఓక్లహోమాని 23-6, వాండర్‌బిల్ట్‌ని 34-31, ఆఖర్లో 11-0తో (పదకొండు గెలుపులు, ఓటమే లేదు) వచ్చిన ఏ అండ్ ఎమ్‌ని 27-17తో కొట్టాం. 9-3 అయ్యాం, దేశం కప్పు కోసం ఒక కమిటీ 12 టీమ్‌లని తేల్చే ప్లేఆఫ్ బయట కూర్చున్నాం. మా చేతిలో ఓడిన ఏ అండ్ ఎమ్ 11-1తో లోపల. వాళ్ళకి ఆ ఏడాది షెడ్యూల్‌లో అలబామా లేదు, జార్జియా లేదు, ఓలె మిస్ లేదు, ఓక్లహోమా లేదు, టెనసీ లేదు, వాండర్‌బిల్ట్ లేదు. ఇదెక్కడి న్యాయం అండీ?

కాలేజ్ స్టేషన్ కుర్రాడు:
బావగారూ మూడు ఓటములు అని రెండే చెప్పి ఊరుకున్నారేంటి 😄 ఫ్లోరిడా చేతిలో 29-21 ఎవరు ఓడారు మా తాతా? ఆ ఫ్లోరిడా సీజన్ మొత్తం మీద 4-8. అదే ఫ్లోరిడాతో మేమూ ఆడాం, గెలిచాం. మీరు కెంటకీ మీద ఓవర్‌టైమ్, మిసిసిప్పీ స్టేట్ మీద ఓవర్‌టైమ్, ఇవన్నీ షెడ్యూల్ వేసినోడు వచ్చి ఆడాడా? మేము నోటర్ డేమ్ వాళ్ళ గ్రౌండ్‌కి వెళ్ళి 41-40తో గెలిచాం, బేటన్ రూజ్ వెళ్ళి ఎల్‌ఎస్‌యూ మీద 49 కొట్టాం. మాకు అలబామా రాలేదంటే మేము దాక్కున్నామా, వాళ్ళు ఇచ్చిన లిస్ట్ ప్రకారం ఆడాం.

ఈజీ షెడ్యూల్ అనేవాళ్ళకి ఒక్కటి చెప్తా. సౌత్ కరోలినా మ్యాచ్‌కి నేను స్టేడియంలో ఉన్నా. హాఫ్‌టైమ్‌కి 30-3, మేం వెనక. మా రూమ్మేట్ "ఇంకేం చూస్తాంరా, ట్రాఫిక్ ముందే దాటేద్దాం" అని లేచి వెళ్ళిపోయి దారిలో బిర్యానీ కూడా ఆర్డర్ పెట్టాడు. నేను ఎండలో అలాగే నిలబడ్డా, మా స్టూడెంట్ సెక్షన్‌లో కూర్చోవడాలు ఉండవు తెలుసుగా. 31-30తో గెలిచాం. వాడు పార్శిల్ చేతిలో పట్టుకుని టీవీ షాపు ముందు నిలబడ్డట్టు అపార్ట్‌మెంట్ లాబీలో నిలబడి ఆఖరి క్వార్టర్ చూశాడంట. ఆ సీజన్ సౌత్ కరోలినా కూడా 4-8 టీమే. పేపర్ మీద ఈజీ, గ్రౌండ్‌లో కాదు.

ఫ్రిస్కో బావ:
ఫ్లోరిడా సంగతి ఒప్పుకుంటా, దానికి సమాధానం లేదు. కానీ ఒహాయో స్టేట్ బదులు ఏదో చిన్న కాలేజీని పిలిచి ఉంటే మేము 10-2, అప్పుడు కమిటీ ఏం చేసేది? మా కోచ్ సార్కిసియన్ మొత్తుకున్నది కూడా అదే. గట్టి టీమ్‌తో ఆడినందుకు శిక్ష పడితే రేపటినుంచి ఎవడు ఆడతాడు.

వరంగల్ వాలా:
నాకు ఈ ఆట సగం సగమే తెలుసు గని ఈ పంచాయితీ మాత్రం మస్తు తెలిసిందే. ఇది ఎంసెట్ షిఫ్టుల లొల్లి లెక్కనే ఉన్నది కదా అన్నా. పొద్దటి షిఫ్టోనికి పేపర్ అల్కగ వచ్చె, మధ్యాహ్నపోనికి ఫిజిక్స్ దంచికొట్టె, మార్కులేమో ఒక్కతీరుగ చూస్తమంటే ఎట్ల? అందుకే నార్మలైజేషన్ పెట్టిన్రు. ఈళ్ళు గూడ అట్లనే ఎవరు ఎంత కష్టమైన టీమ్‌లతోని ఆడిన్రో లెక్కగట్టి మార్కులు సరిజేస్తే అయిపాయె, దీనికి ఇంత లొల్లి ఎందుకు?

బ్లూమింగ్టన్ మాస్టారు:
పోలిక బాగుంది కానీ అక్కడే చిక్కు కూడా ఉంది. (నేను స్టాటిస్టిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి, కాబట్టి కాస్త నస భరించండి.) ఎంసెట్‌లో ఒక్కో షిఫ్ట్‌లో వేలమంది రాస్తారు, ఏ పిల్లాడు ఏ షిఫ్టో ముందే ఎవరూ ఏరి పెట్టరు, అందుకని ఒక షిఫ్ట్ సగటు తగ్గిందంటే పిల్లల తప్పు కాదు, పేపరే కష్టం అని నమ్మొచ్చు. ఇక్కడ ఉన్నవి 16 టీమ్‌లు, ఒక్కోటి ఆడేది మొత్తం 12 మ్యాచ్‌లు. పైగా పేపరు కష్టమా కాదా అని చెప్పాల్సింది ఎవరు, ఆ పేపరు రాసిన మిగతా పిల్లలే. టెక్సస్ గట్టిదా? జార్జియాని అడగాలి. జార్జియా గట్టిదా? అలబామాని అడగాలి. అలబామా? ఓక్లహోమా దాన్ని ఓడించింది. ఓక్లహోమా? మళ్ళీ టెక్సస్ దగ్గరకే వచ్చాం.

ఈ సరిచేయడం ఎంత వికారంగా పోతుందో 2025లో ఏసీసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌లో చూశాం. 17 టీమ్‌లు, 8 మ్యాచ్‌లు. వర్జీనియా 7-1తో పైన, దాని కింద ఐదు టీమ్‌లు 6-2తో ఒకే మెట్టు మీద: మయామి, డ్యూక్, ఎస్‌ఎమ్‌యూ, జార్జియా టెక్, పిట్. వాటిల్లో కొన్ని ఒకదానితో ఒకటి ఆడనేలేదు, మయామి డ్యూక్ మొహం చూడలేదు. చివరికి ఎవరి ప్రత్యర్థులు కాన్ఫరెన్స్‌లో ఎక్కువ గెలిచారు అని లెక్క తీస్తే డ్యూక్ తేలింది. మొత్తం రికార్డు 7-5 ఉన్న డ్యూక్, యూకాన్ చేతిలో కూడా ఓడిన డ్యూక్. అది ఫైనల్‌కి వెళ్ళి ఓవర్‌టైమ్‌లో వర్జీనియాని 27-20తో కొట్టి చాంపియన్ అయింది, అయినా ప్లేఆఫ్ రాలేదు. సొంత కాన్ఫరెన్స్ ఫైనల్‌కే అర్హత దొరకని మయామి మాత్రం కమిటీ దయవల్ల ప్లేఆఫ్‌లోకి వచ్చి ఏ అండ్ ఎమ్‌ని 10-3, ఒహాయో స్టేట్‌ని 24-14, ఓలె మిస్‌ని 31-27తో దాటుకుంటూ నేషనల్ ఫైనల్ ఆడింది. ఇప్పుడు చెప్పండి, ఆ నార్మలైజేషన్ ఏం కొలిచినట్టు?

కాలేజ్ స్టేషన్ కుర్రాడు:
మాస్టారూ మధ్యలో ఆ 10-3 గుర్తు చేయాల్సిన అవసరం ఉందా 😭

అట్లాంటా అక్క:
మా అబ్బాయి జార్జియాలో చదువుతున్నాడు, ఇంట్లో శనివారం వంట అంతా మ్యాచ్ టైమ్‌ని బట్టే. నేనొకటి చెప్తాను వినండి. ఏ అండ్ ఎమ్ ఎస్‌ఈసీలోకి వచ్చింది 2012లో. 2025 సీజన్ అయిపోయేవరకు జార్జియా ఒక్కసారి కూడా వాళ్ళ ఊరు కాలేజ్ స్టేషన్‌కి వెళ్ళి కాన్ఫరెన్స్ మ్యాచ్ ఆడలేదు. పద్నాలుగు సీజన్లు! అక్కడ చేరి నాలుగేళ్ళు చదివి డిగ్రీ తీసుకుని వెళ్ళిపోయిన పిల్లలు ఎన్ని బ్యాచ్‌లో లెక్కేయండి, వాళ్ళెవరికీ జార్జియా తమ గ్రౌండ్‌లో దిగడం తెలీదు. ఒక్క ఇంటి వాళ్ళం అని పేరు, పెళ్ళికి పేరంటానికి రాకపోకలు లేవు. నాకు ప్లేఆఫ్ కంటే ఈ ముచ్చటే ఎక్కువ బాధ. కొత్త పద్ధతిలో రెండేళ్ళలో అందరితో ఒకసారి, నాలుగేళ్ళలో అందరి ఊళ్ళకీ వెళ్ళిరావడం అవుతుంది. చేరిన పిల్లాడు బయటికొచ్చేలోపు అందర్నీ చూస్తాడు. నాకది చాలు, నేను తొమ్మిదికే ఓటు.

గోదారోడు:
కాకినాడ నుంచి ఒక అమాయకపు ప్రశ్న అండి. ఐపీఎల్‌లో పది టీమ్‌లు, ఒక్కోటి 14 మ్యాచ్‌లు, ఐదుగురితో రెండేసి సార్లు, నలుగురితో ఒక్కోసారి. మనోళ్ళకి ముంబై రెండుసార్లు తగిలిందని ఏడుస్తాం గానీ కనీసం అందరితో ఒక్కసారైనా ఆడతారు కదా. మీరు ఆ 15 మందితోనూ ఆడేసి టేబుల్ చూసుకోవచ్చుగా?

వరంగల్ వాలా:
పిల్లలు చదువుకునుడు ఎప్పుడు మరి? పదిహేను వారాలు గుద్దుకుంటే కాళ్ళు చేతులు మిగుల్తయా?

ఫ్రిస్కో బావ:
గోదారోడు గారూ, మీరన్నది ఒకప్పుడు నిజంగా ఉండేది. బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌లో 2011 నుంచి పది టీమ్‌లే, తొమ్మిది మ్యాచ్‌లు, అందరితో అందరూ. నేను అప్పుడే ఇక్కడికి వచ్చా, అదే నాకు అర్థమైన ఫుట్‌బాల్. కానీ అందులో కూడా 2014లో టీసీయూ, బేలర్ సమానంగా నిలిచాయి, బేలర్ 61-58తో టీసీయూని ఓడించి ఉంది, అయినా కాన్ఫరెన్స్ ఇద్దరినీ కలిపి చాంపియన్లు అంది. టీసీయూ ఆఖరి మ్యాచ్ 55-3తో గెలిచి కూడా మూడో ర్యాంక్ నుంచి ఆరుకి జారింది (అప్పుడు ప్లేఆఫ్ సీట్లు నాలుగే), ఒహాయో స్టేట్ లోపలికి వెళ్ళి కప్పు కొట్టేసింది. మళ్ళీ వాళ్ళే. నా జీవితంలో శని ఏ రూపంలో ఉన్నాడో ఇప్పటికి అర్థమవుతోంది.

బ్లూమింగ్టన్ మాస్టారు:
అందరితో ఆడే పద్ధతి పోవడానికి కారణం చదువూ కాదు, కాళ్ళూ కాదు, టీవీ. ఎక్కువ టీమ్‌లని కలుపుకుంటే ఎక్కువ ఊళ్ళలో చూస్తారు, హక్కుల డబ్బు పెరుగుతుంది. అందుకే పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీ) ఇప్పుడు అట్లాంటిక్ పేరు పెట్టుకున్న ఆ ఏసీసీలో ఉన్నాయి. మా బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో 18 టీమ్‌లు (పేరు మాత్రం పదే, మార్చరు). 2024లో వాషింగ్టన్ వాళ్ళు సియాటిల్ నుంచి న్యూజెర్సీ దాకా ఎగిరొచ్చి శుక్రవారం రాత్రి రట్గర్స్‌తో ఆడి 21-18తో ఓడారు. పదిహేడు టీమ్‌లలో తొమ్మిదింటితో ఆడడం ఒక అన్యాయం, ఎవరు ఎంత దూరం ఎగరాలి, ఎవరికి ముందు వారం రెస్ట్ ఉంది అనేది ఇంకోటి. 2010లో అలబామా వాళ్ళు ఈ రెస్ట్ గురించే గోల పెట్టారు, ఎదురయ్యే టీమ్‌లు వరసగా సెలవు వారం తీసుకుని తాజాగా వస్తున్నాయని.

కానీ ఫ్రిస్కో బావగారి అసలు వాదన మీద నాకు ఒక అనుమానం. షెడ్యూల్ వేసిన రోజున ఎవరు గట్టివాళ్ళో ఎవరికి తెలుసు? మా ఇండియానా చరిత్రలోనే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన టీమ్‌లలో ఒకటి. లిస్ట్‌లో ఇండియానా పేరు కనబడితే ఎదుటివాళ్ళు ఆ వారం గెలుపు కింద రాసేసుకునేవాళ్ళు. 2024లో మేము 11-1 అయినప్పుడు అందరూ "ఎవరితో ఆడారు వీళ్ళు" అన్నారు, నిజమే, ఒరెగన్ లేదు, పెన్ స్టేట్ లేదు, ఆడినవాటిలో అన్నిటికన్నా గట్టి టీమ్ ఒహాయో స్టేట్ 38-15తో కొట్టింది. మరుసటేడు కాన్ఫరెన్స్ బయట మేము ఆడింది ఓల్డ్ డొమినియన్, కెనసా స్టేట్, ఇండియానా స్టేట్. పిండిబొమ్మలే, దాచడమెందుకు. అదే టీమ్ ఒరెగన్ వెళ్ళి 30-20తో గెలిచింది, ఒహాయో స్టేట్‌ని 13-10తో కొట్టి కాన్ఫరెన్స్ కప్పు, మయామిని 27-21తో కొట్టి దేశం కప్పు, 16-0. ఆ ఏడాది ఒరెగన్‌కి "ఇంట్లో ఇండియానా" అని షెడ్యూల్ రాసినవాడు వాళ్ళకి ఉపకారం చేస్తున్నాననే అనుకుని ఉంటాడు.

ఫ్రిస్కో బావ:
మాస్టారూ, మీరే నా పాయింట్ చెప్పారు. పిండిబొమ్మలతో ఆడినవాడికి ఏమీ కాలేదు, ఒహాయో స్టేట్‌కి వెళ్ళినవాడు ఇంట్లో కూర్చున్నాడు.

అట్లాంటా అక్క:
అయ్యో బాబూ, వాళ్ళు ఎవరితోనూ ఓడలేదు కదా, అందుకని ఏమీ కాలేదు.

కాలేజ్ స్టేషన్ కుర్రాడు:
అక్కా సూపర్ 👏

సరే సీరియస్‌గా ఒకటి. తొమ్మిది అయితే న్యాయం అనుకుంటున్నారు, ఇప్పుడు తేడా మొత్తం ఆ ఫిక్స్‌డ్ ముగ్గురిలోకి వచ్చి కూర్చుంది చూడండి. మాకు ఎల్‌ఎస్‌యూ, మిజోరి, టెక్సస్. మీకు ఓక్లహోమా, ఆర్కన్సా, మేము. అలబామాకి ఆబర్న్, టెనసీ, మిసిసిప్పీ స్టేట్. పాపం మిసిసిప్పీ స్టేట్‌కి ప్రతి ఏడాదీ అలబామా. పాత రోజుల్లో ఎల్‌ఎస్‌యూ వాళ్ళు ఇదే ఏడ్చేవాళ్ళు, మాకు ఏటా ఫ్లోరిడా ఎందుకు అని. నాలుగేళ్ళకోసారి మళ్ళీ చూస్తారంట ఈ ముగ్గుర్ని, అంటే నాలుగేళ్ళు తిట్టుకోవడానికి మెటీరియల్ రెడీ.

గోదారోడు:
ఆ ముగ్గుర్ని కూడా లాటరీ తీసేయొచ్చుగా అండి?

ఫ్రిస్కో బావ:
వద్దు!! అదొక్కటీ వద్దు. అక్టోబర్‌లో డాలస్‌లో స్టేట్ ఫెయిర్ జరుగుతుంటే మధ్యలో కాటన్ బౌల్‌లో మాకూ ఓక్లహోమాకీ మ్యాచ్. యాభై గజాల గీత దగ్గర స్టేడియం సరిగ్గా చీల్చినట్టు ఒక సగం నారింజ, ఒక సగం ఎరుపు. మా ఆవిడకి ఆట అక్కర్లేదు, కార్న్ డాగ్ చేత్తో పట్టుకుని జెయింట్ వీల్ ఎక్కుతుంది, మా పాప బయటికొచ్చే ఎర్ర చొక్కావాళ్ళ మొహాలు చూసి "నాన్నా మనం గెలిచామా" అని అడుగుతుంది, స్కోర్ చూడకుండానే తెలిసిపోతుంది దానికి. దీన్ని లాటరీలో పెడతారా?

వరంగల్ వాలా:
అంటే అన్నా, న్యాయం గావాలె గని నీ పండుగ మీదికి రావద్దు అంటవ్ 😂

ఫ్రిస్కో బావ:
అంతే అనుకో తమ్ముడూ.

బ్లూమింగ్టన్ మాస్టారు:
ఒక చిన్న లెక్క పెట్టి పడుకుంటా. 8 మ్యాచ్‌లప్పుడు ఎస్‌ఈసీ లోపల మొత్తం 64 ఆటలు, 64 ఓటములు. 9 అయితే 72. ఎవరు ఎంత బాగా ఆడినా సరే, ఎనిమిది ఓటములు కొత్తగా ఎవరో ఒకరి ఖాతాలో పడాల్సిందే. 9-3లు పెరుగుతాయి, 8-4లూ పెరుగుతాయి. ప్లేఆఫ్ సీట్లు ఇప్పటికీ 12. కమిటీ ఓటములు లెక్కపెట్టడం మానితే తప్ప, బావగారి 9-3 కథ వచ్చే డిసెంబర్‌లో ఇంకో ముగ్గురు చెప్తారు.

కాలేజ్ స్టేషన్ కుర్రాడు:
ఆ ముగ్గుర్లో బావగారు మళ్ళీ ఉంటే? సెప్టెంబర్ 12న ఒహాయో స్టేట్ మీ ఆస్టిన్ వస్తోంది, నవంబర్‌లో మీరు మా ఊరు రావాలి.

ఫ్రిస్కో బావ:
ఆస్టిన్ టికెట్ రేట్ చూశాను ఇందాకే. షెడ్యూల్ కాదు అసలు అన్యాయం ఇదీ. ఎవరిదగ్గరైనా ఎక్స్‌ట్రా ఉంటే ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, పక్కపక్కన మూడు సీట్లు కావాలి.