సీకే దిగింది, ఆల్డోలేజ్ మాత్రం దిగడం లేదు

అమ్మకు డెర్మటోమయోసైటిస్ (కండరాలు, చర్మం వాచే జబ్బు). కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ సీకే మొదట 4,200 ఉండేది. ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్) 40 మిల్లీగ్రాములు, మెథోట్రెక్సేట్ మొదలుపెట్టిన మూడు నెలలకు 160కి వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ తొడల్లో బలం రాలేదు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్లపై ఆనించి, ముందుకు ఊగి లేస్తోంది, చూడలేకపోతున్నాను.

కండరాల నుంచే వచ్చే మరో ఎంజైమ్ ఆల్డోలేజ్ మాత్రం 14 (ఆ ల్యాబ్‌లో గరిష్ఠ పరిమితి 7.5). నమూనాలో రక్తకణాలు చిట్లినా ఈ అంకె పెరుగుతుందని తెలిసి, రెండు వారాల తర్వాత మళ్లీ చేయించాం: 13.6. కాలేయ పరీక్ష జీజీటీ మామూలుగానే ఉంది, కాబట్టి కాలేయం కారణం కాదనుకుంటున్నాను. స్టెరాయిడ్ వల్ల వచ్చిన బలహీనతే అయితే ఆల్డోలేజ్ పెరగకూడదు కదా! డాక్టరు గారు మోతాదు సంగతి ఇంకా తేల్చలేదు.

సీకే మామూలుగా ఉండి ఆల్డోలేజ్ ఒక్కటే ఎక్కువగా ఉన్నప్పుడు, వ్యాధి ఇంకా చురుగ్గా ఉందో లేదో మీ విషయంలో ఏ పరీక్షతో తేలింది?