సర్వర్లలో గెలుస్తున్నది ఆర్మా, అమెజానా?

చర్చ: కొత్త ప్రాజెక్టులకు ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ చిప్‌ల రకం) వదిలేసి ఆర్మ్ (ఆర్మ్ కంపెనీ డిజైన్ మీద చేసే చిప్‌ల రకం) సర్వర్లకు మారాలా?

గోదారి శీను:
మా టీమ్‌లో ఇదే గొడవ. జావా, పైథాన్ సర్వీసులన్నీ గ్రావిటాన్ (అమెజాన్ తన క్లౌడ్ కోసం చేయించిన ఆర్మ్ చిప్) మీదకి మార్చేద్దామని నేనంటున్నాను. క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే ఎక్స్86 సర్వర్లలో (ఇన్‌స్టెన్సుల్లో) చాలావాటికి వీసీపీయూ, అంటే అద్దె లెక్కలో ఒక ప్రాసెసర్, కోర్‌ను పంచుకునే రెండు థ్రెడ్లలో ఒకటి మాత్రమే. గ్రావిటాన్‌లో పూర్తి కోర్ వస్తుంది, అద్దె కూడా తక్కువ. ఇంకా ఆలోచించడం ఎందుకు?

పద్మజ:
శీను గారూ, అద్దె తక్కువే. కానీ ఆ తగ్గింపు ఇస్తున్నది ఆర్మ్ కాదు, అమెజాన్. అంతకుముందు ఆర్మ్ సర్వర్లు తెచ్చినవాళ్ల గతి చూడండి. కాల్‌క్సెడా 2013 చివర్లో డబ్బుల్లేక మూతపడింది. 2016లో ఏఎండీ తెచ్చిన ఆప్టెరాన్ ఏ1100ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. క్వాల్‌కామ్ 2017లో 48 కోర్ల సెంట్రిక్ విడుదల చేసి, మరుసటి ఏడాదే వెనక్కి తగ్గింది. సాఫ్ట్‌వేర్ లేదని ఎవరూ కొనరు, ఎవరూ కొనని మెషీన్‌కి సాఫ్ట్‌వేర్ రాయరు. 2018లో ఈ చిక్కుముడిని అమెజాన్ విప్పగలిగిందంటే, చిప్ చేయించేదీ, వాడేదీ, అద్దెకిచ్చేదీ తనే కాబట్టి. మైక్రోసాఫ్ట్ కోబాల్ట్, గూగుల్ యాక్సియన్ చిప్‌లు కూడా ఆ దారిలోనే వచ్చాయి.

నా భయమంతా ఇక్కడే. ఇంటెల్ నచ్చకపోతే ఏఎండీ సర్వర్ కొనుక్కోవచ్చు. 2017లో ఏఎండీ సర్వర్ చిప్ ఎపిక్ వచ్చాక చాలామంది చేసింది అదే. గ్రావిటాన్‌ని కొని మన ర్యాక్‌లో పెట్టుకోలేం. రేపు అద్దె పెంచితే ఏం చేస్తారు?

కిరణ్, హైదరాబాద్:
యాక్సియన్‌కి వెళ్తాం మేడమ్. గ్రావిటాన్4లో ఉన్నదీ, తొలి యాక్సియన్‌లో ఉన్నదీ ఆర్మ్ డిజైన్ చేసిన ఒకే నియోవర్స్ వీ2 కోర్. డెవలపర్ల చేతుల్లో ఎం1 (యాపిల్ ఆర్మ్ చిప్) మ్యాక్‌లు వచ్చినప్పటి నుంచి ఆర్మ్ మీద టెస్టింగ్ కూడా కష్టం కాదు.

పద్మజ:
కోర్ ఒకటే, ఒప్పుకుంటాను. మరి మీ డేటాబేస్, స్టోరేజ్, నెట్‌వర్క్ సెట్టింగులన్నీ మోసుకెళ్లడం? అదీకాక, సీ++ కోడ్ ఉన్నవాళ్లు జాగ్రత్త. ఏవీఎక్స్ ఇంట్రిన్సిక్స్‌తో (ఎక్స్86 చిప్‌ల ప్రత్యేక ఆదేశాలను నేరుగా పిలిచే ఫంక్షన్లతో) రాసినదాన్ని ఆర్మ్‌కి తగ్గట్టు తిరగరాయాలి. అంతకంటే టెన్షన్ పెట్టేది మెమరీ ఆర్డరింగ్. ఎక్స్86లో మెమరీలోకి రాతలు ఒక థ్రెడ్ చేసిన వరుసలోనే మిగతా థ్రెడ్లకు కనిపిస్తాయి. ఆర్మ్ ఆ హామీ ఇవ్వదు. లాకుల్లేకుండా (ఒకేసారి ఒక థ్రెడ్డే డేటాను ముట్టుకునేలా ఆపే ఏర్పాటు లేకుండా) రాసిన కోడ్‌లో ఏళ్లుగా దాగున్న బగ్, ఆర్మ్ మీద లోడ్ పెరిగిన రోజున బయటపడొచ్చు.

గోదారి శీను:
మా దగ్గర అలాంటి సీ++ సర్వీసు ఒకటుంది. దాన్ని ఎక్స్86 మీదే ఉంచుతాం. మిగతావాటికి ఎక్స్86, ఆర్మ్ రెండు బిల్డులూ కొనసాగిద్దామని టీమ్‌లో అడుగుతాను.