స్నేహితుల కారు వెంట వస్తే సైకిల్ యాత్ర పూర్తి చేసినట్టా, కాదా?

చక్రం44 · ఆదివారం ఉదయం 6:12
అందరికీ నమస్కారం. డిసెంబరు 21 తెల్లవారుజామున హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో బయలుదేరి 28 సాయంత్రం కన్యాకుమారి చేరాను. ఎనిమిది రోజులు, నా మీటరు ప్రకారం 1,240 కి.మీ. దాదాపు అంతా 44వ నంబరు హైవే. రాత్రి మజిలీలు కర్నూలు, అనంతపురం, దేవనహళ్లి, కృష్ణగిరి, సేలం, దిండిగల్, కోవిల్‌పట్టి. నా వయసు 46.

చిన్నప్పటి స్నేహితులు ఇద్దరు కారులో వచ్చారు. బట్టలు, నీళ్లు, పంపు, ట్యూబులు అన్నీ కారులోనే. తొక్కింది మాత్రం ప్రతి కిలోమీటరూ నేనే. 'హైదరాబాద్ నుంచి కన్యాకుమారి, సోలో, పూర్తి' అని మా సైక్లింగ్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే ఇద్దరు సీనియర్లు 'కారు వెంట ఉంటే అది యాత్ర కాదు, పిక్నిక్' అన్నారు. రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు. ఇక్కడ తొక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు చెప్పండి, నేను పూర్తి చేసినట్టా, కాదా?

పాత అట్లాస్ · 6:40
కంగ్రాట్స్ అన్నా. వాళ్ల మాటలు వదిలేయండి. ఎండకీ ఎదురుగాలికీ కారుందో లేదో తెలియదు కదా.

మియాపూర్ రైడర్ · 6:55
సూపర్. ఏ టైర్లు వాడారు? సైజు చెప్పండి ప్లీజ్.

పెన్నాగట్టు · 7:31
బాధ పడతారని తెలిసే రాస్తున్నాను. అడిగారు కాబట్టి చెప్పాలి. నా దృష్టిలో కాదు.

నేను తొక్కేటప్పుడు క్యారియర్‌కి రెండు వైపులా బ్యాగులు, మొత్తం 16 కేజీలు. డోన్ దాటాక ఎత్తు వస్తే ఆ 16 కేజీలూ నా తొడలే లాగాలి. మంచినీళ్లు రెండు లీటర్లు మిగిలాయంటే ముందు ఊరు ఎంత దూరమో లెక్క వేసుకోవాలి. పంక్చర్ పడితే లారీల గాలికి ఊగిపోతూ రోడ్డు పక్కన కూర్చుని నేనే వేసుకోవాలి. చీకటి పడితే పెట్రోల్ బంకు వాళ్లను బతిమాలి అక్కడే పడుకోవాలి. ఇవన్నీ కలిస్తేనే యాత్ర. మీరు చేసింది తొక్కడం ఒక్కటే. అది గొప్ప వ్యాయామం, కాదనను. కానీ మీ భయాన్ని కూడా ఆ కారే మోసింది.

బ్రెవే బాబాయ్ · 8:05
అభిప్రాయాలతో ఇది తేలదు. నియమం చూద్దాం. బ్రెవేల్లో, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లలో, 200 కి.మీ.కి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. దారి మధ్యలో కారు సాయం నిషిద్ధం, కంట్రోల్ పాయింట్ల (దారిలో హాజరు వేయించుకునే చోట్ల) దగ్గర మాత్రమే తీసుకోవచ్చు. నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద బ్రెవే పారిస్–బ్రెస్ట్–పారిస్‌లోనూ అంతే. అక్కడ సాయం చేసేవాళ్ల కార్లు రైడర్ల దారిలో రాకూడదు, వేరే దారిలో కంట్రోల్‌కి చేరాలి.

అదే అమెరికాను అడ్డంగా దాటే రామ్ (రేస్ అక్రాస్ అమెరికా) చూడండి. సుమారు 4,800 కి.మీ. అక్కడ రాత్రిపూట వెనక కారు లేకుండా తొక్కనివ్వరు. 2017లో అది సోలోగా పూర్తి చేసిన మనవాళ్లిద్దరికీ కార్లు, మనుషులు ఉన్నారు. కాబట్టి కారు ఉండటం తప్పూ కాదు, ఒప్పూ కాదు. బయలుదేరే ముందు మీరు ఏ నియమం పెట్టుకున్నారన్నదే లెక్క.

నాదొకటే ప్రశ్న. ఈ ఎనిమిది రోజుల్లో దారి మధ్యలో ఎప్పుడైనా కారెక్కారా?

చక్రం44 · 8:48
బాబాయ్ గారూ, దాచను. ఒక్కసారి ఎక్కాను. ఐదో రోజు తొప్పూరు ఘాట్ దిగాక వెనక చక్రం స్పోక్ ఒకటి విరిగింది. చెయిన్ వైపు స్పోక్. ఓమలూరు దాకా ఎలాగో లాగాను. అక్కడికి చక్రం వంకరపోయి బ్రేకుకు రాసుకుంటోంది, చీకటి పడింది. సేలం ఇంకా 14 కి.మీ. సైకిల్ కారు మీద కట్టి సేలం వెళ్లాం. రాత్రే స్పోక్ వేయించాం. పొద్దున ఓమలూరులో ఆగిన టీ కొట్టు దగ్గరే దిగి అక్కడి నుంచే తొక్కాను. అందుకే ఆరో రోజు పొడుగైంది, 175 దాకా వచ్చింది.

బ్రెవే బాబాయ్ · 9:02
సరిగ్గా అదే చోటా? జీపీఎస్ ఫైలు ఉందా? ఐదో రోజు ముగిసిన చుక్క, ఆరో రోజు మొదలైన చుక్క ఒకటే అయితే పూర్తి. రామ్‌లో కూడా దారి వదిలి వెళ్తే వదిలిన చోటికే తిరిగి రావాలి. 200 మీటర్లు తేడా ఉన్నా పూర్తి అని నేను అనను.

పెన్నాగట్టు · 9:20
బ్యాగుల బరువు లేకుండా వెనక స్పోక్ ఎలా విరిగింది? చెయిన్ వైపు స్పోకులకు బిగువు ఎక్కువ, నిజమే. కానీ ఖాళీ సైకిల్‌కి వారంలోపు విరిగిందంటే చక్రం బయలుదేరే ముందే సరిచూడలేదన్నమాట. కారుంది కదా అన్న ధీమా అది. చెయిన్ వైపు స్పోక్ మార్చాలంటే క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్లచక్రాల సెట్టు) విప్పాలి, ఆ టూల్ ఉండాలి. ఒంటరిగా వెళ్లేవాడు ఆ టూలూ నాలుగు స్పోకులూ మోసుకుని వెళ్తాడు.

సైకిల్ అక్క · 9:41
ఒక మాట. నేను రెండుసార్లు హైదరాబాద్ నుంచి శ్రీశైలం తొక్కాను. రెండుసార్లూ మా అన్నయ్య బండి మీద వెంట వచ్చాడు. చీకట్లో పెట్రోల్ బంకులో పడుకోవడం అందరికీ వీలయ్యే పని కాదు. ఒంటరిగా వెళ్తేనే యాత్ర అని గీత గీస్తే, నాలాంటి వాళ్లు తొక్కే ప్రతి కిలోమీటరూ లెక్కలోకి రాకుండా పోతుంది. దీనికి సమాధానం కావాలి.

చక్రం44 · 10:15
జీపీఎస్ ఫైలు ఉంది, సాయంత్రం పెడతాను. పెన్నాగట్టు గారూ, చక్రం బయలుదేరే ముందు సరిచూపించాను. ఘాట్ దిగేటప్పుడు గుంతలో పడింది. ధీమా కాదు.

లైబ్రరీ రోడ్ · 10:37
మార్క్ బోమాంట్ అనే స్కాట్లాండ్ ఆయన ప్రపంచాన్ని సైకిల్ మీద రెండుసార్లు చుట్టాడు. 2008లో పూర్తి చేసింది సామాను తనే మోసుకుంటూ, 194 రోజుల 17 గంటల్లో. 2017లో వెంట వాహనాలు, మెకానిక్కు, వండిపెట్టేవాళ్లు. అప్పుడు 79 రోజుల లోపే. రోజుకు 16 గంటలు తొక్కేవాడు. రెండూ రికార్డులే. రెండోది పూర్తి కాదని ఎవరూ అనలేదు. అలాగని రెండోది ఒక్కడినే చేశానని ఆయనా చెప్పుకోలేదు.

మన దేశం సంగతి కూడా ఉంది. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. 1928లో ముగ్గురు తిరిగొచ్చారు. ఒకరికొకరు తోడు ఉన్నారని వాళ్ల యాత్రను ఎవరైనా తగ్గిస్తారా?

పెన్నాగట్టు · 11:04
తోడు తొక్కడం వేరు, కారులో తోడు వేరు. వాళ్లందరికీ కాళ్లు ఒకేలా నొప్పి పుట్టాయి.

అసలు నేనెందుకింత గట్టిగా అంటున్నానో చెబుతాను. 2019లో ఇదే దారి నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి వెళ్లాలనుకున్నాం. ఆర్నెల్లు ప్లాను. బయలుదేరే ముందురోజు రాత్రి పదింటికి ఒకడు ఫోను, ఆఫీసులో లీవు దొరకలేదని. అరగంటకు రెండోవాడు, వాడు రాకపోతే నేనూ రానని. నేను వెళ్లాను. అనంతపురం నుంచి సేలం దాకా ఒక్కడినే తొక్కాను. సేలంలో కుడి మోకాలు ముడవలేకపోయాను. రెండు రోజులు లాడ్జిలో మంచు కట్టుకుని చూశాను. మూడో రోజు సైకిల్ బస్సు మీద వేయించుకుని తిరిగొచ్చాను. ఇవాళ్టికీ మా బంధువుల్లో, ఆఫీసులో నేను 'సగంలో వచ్చినవాడిని'. ఒక కారూ ఇద్దరు మనుషులూ ఉంటే రెండు రోజులు ఆగి, మెల్లగా తొక్కి నేనూ చేరేవాడిని. నా 16 కేజీలు వాళ్లు మోస్తే ఆ మోకాలు పోయేదే కాదేమో. అలాంటప్పుడు నాదీ మీదీ ఒకే తక్కెడలో ఎలా తూస్తారు?

పాత అట్లాస్ · 11:10
అన్నా, బాధ అర్థమైంది. కానీ మీ స్నేహితులు రాలేదని ఆయన స్నేహితులు రావడం తప్పు ఎలా అవుతుంది?

సైకిల్ అక్క · 11:26
నేనడిగిన దానికి ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

క్లచ్ ప్లేట్ · 12:18
నేను సైకిల్ తొక్కను. నాది సొంత కారు, కిరాయికి తిప్పుతాను. మూడేళ్ల కింద నా స్నేహితుడు ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సైకిల్ మీద వెళ్తానంటే వెంట వెళ్లాను. ఇక్కడ రాసినవాళ్లంతా సైకిల్ వైపు నుంచే మాట్లాడుతున్నారు కాబట్టి కారు వైపు సంగతి రాస్తున్నాను.

20 కిలోమీటర్ల స్పీడులో హైవే మీద కారు నడపడం ఎంత ప్రమాదమో తెలుసా? పార్కింగ్ లైట్లు వేసుకుని రెండో గేరులో పోతుంటే వెనక నుంచి లారీలు హారన్ కొట్టుకుంటూ మీదికి వస్తాయి. అందుకే వెలుగున్నప్పుడు పది కిలోమీటర్లు ముందుకెళ్లి చెట్టు కింద ఆగేవాడిని. అతను రావడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే టెన్షన్. ఫోను ఎత్తకపోతే వెనక్కి తిప్పుకుని వెళ్లడం. హైవే మీద యూటర్న్ అంటే ఒక్కోచోట ఆరేడు కిలోమీటర్లు. పొద్దున మూడున్నరకు నేను ముందు లేచి వేడినీళ్లు పట్టాలి. రాత్రి అతను పడుకున్నాక బట్టలు ఆరేసి, చెయిన్‌కి ఆయిల్ వేసి పడుకోవాలి. అది పెళ్లిళ్ల సీజను. వారం కిరాయిలు పోయాయి. డీజిలు అతనే పోయించాడు, కిరాయిల సంగతి నేనూ అడగలేదు, అతనూ అడగలేదు.

తిరిగొచ్చాక ఊళ్లో సన్మానం చేశారు. శాలువా, దండ. నేను కింద నిలబడి అతని ఫోనుతో ఫోటోలు తీశాను. మైకులో 'ఈ ప్రయాణంలో నాతో నేనే మాట్లాడుకున్నాను' అన్నాడు. నా పేరు రాలేదు. ఇప్పటికీ స్నేహితులమే. కానీ ఆ మాట పోలేదు.

చక్రం44 గారూ, మీరు పూర్తి చేశారు. అందులో నాకు అనుమానం లేదు. కానీ 'సోలో' అని రాసిన ఫోటో మీ స్నేహితులు కూడా చూసి ఉంటారు.

చక్రం44 · 12:40
నా స్నేహితులు అలాంటివాళ్లు కాదు. వాళ్లే వస్తామన్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. ఫోటో చూసి లైక్ కూడా కొట్టారు. మీ ఇద్దరి మధ్య జరిగింది తెచ్చి మా మీద పెట్టకండి.

పెన్నాగట్టు · 12:44
మరి సోలో అని ఎందుకు రాశావు? ఇద్దరు మనుషులు వెనక ఎనిమిది రోజులు ఉంటే సోలో ఎలా అయింది? జవాబు చెప్పు.

చక్రం44 · 12:47
నువ్వు అనకండి.

పెన్నాగట్టు · 12:49
సరే, మీరు. జవాబు చెప్పండి.

బ్రెవే బాబాయ్ · 12:58
రామ్‌లో సోలో అంటే తొక్కేవాడు ఒక్కడే అని అర్థం. ఆ అర్థంలో తప్పు లేదు. 14 కి.మీ. సంగతి ఇంకా తేలలేదు.

చక్రం44 · మధ్యాహ్నం 2:35
భోజనం కూడా చేయలేదు. రాస్తాను.

నాకు టైప్ 1 డయాబెటిస్. 19వ ఏట నుంచి రోజూ ఇన్సులిన్. వాట్సాప్ గ్రూపులో ఎవరికీ తెలియదు. ఒంటరిగా వెళ్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, డాక్టరూ ఒప్పుకోలేదు. నా స్నేహితులిద్దరూ మా ఇంటికొచ్చి మా ఆవిడకు మాట ఇచ్చారు. ఇన్సులిన్ చల్లగా ఉండాలి కాబట్టి కారులో ఐస్ డబ్బా. గంటకోసారి ఆపి వేలు గుచ్చి చూడటం.

రెండో రోజు గుత్తి దగ్గర సైకిల్ కొంచెం అటూ ఇటూ పోతోందని వాళ్లకు వెనక నుంచి కనబడింది. నాకు తెలియలేదు, బాగానే తొక్కుతున్నాననుకున్నాను. హారన్ కొట్టి ఆపారు. షుగర్ 58. గ్లూకోజ్ తాగించి, పావుగంట కూర్చోబెట్టి, మళ్లీ చూసి, ఇంకో గంట తొక్కనివ్వలేదు. వాళ్లు లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు.

సోలో అని ఎందుకు రాశానంటే, ఇరవై ఏడేళ్లుగా ఎక్కడికెళ్లినా 'వీడికి షుగర్, జాగ్రత్త' అనే మాటే. పెళ్లికి వెళ్తే స్వీటు తీసేసి వడ్డిస్తారు. ఆఫీసు పిక్నిక్‌లో నన్ను కుర్చీలో కూర్చోమంటారు. ఒక్కసారి నా పేరు పక్కన ఆరోగ్యంగా ఉన్న మగాడి మాట ఒకటి ఉండాలనిపించింది. అందుకే రాశాను.

పాత అట్లాస్ · 2:41
అన్నా, ముందు భోజనం చేయండి. మీరు అన్నం వాయిదా వేయకూడదు.

సైకిల్ అక్క · 2:50
ఆ కారు లేకపోతే మీరు అసలు బయలుదేరేవారే కాదు. నేను పొద్దుటి నుంచి అంటున్నదీ ఇదే.

పెన్నాగట్టు · 3:22
58తో హైవే మీద ఉన్నారంటే ఒళ్లు జలదరించింది. పిక్నిక్ అన్నవాళ్ల మాట తప్పు. నేను వ్యాయామం అన్నదీ తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. అక్కా, మీ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. నేను గీసిన గీత నా ఒంటికి, నా పరిస్థితికి సరిపోయేది.

కానీ ఒకటి మాత్రం వదలను. నా స్నేహితులు రాలేదు, మీవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లను ఫోటోలోంచి తీసేయడం నాకు మింగుడుపడటం లేదు. నాకు గనక ఆ రాత్రి పదింటికి ఒక్కడు 'వస్తున్నా' అని ఉంటే వాడి పేరు సైకిల్ ఫ్రేము మీద రాయించుకునేవాడిని.

చక్రం44 · 5:10
గ్రూపులో 'సోలో' తీసేశాను. కారు, ఐస్ డబ్బా, వాళ్లిద్దరూ ఉన్న ఫోటో పెట్టాను. గుత్తి దగ్గర తీసింది. 'పూర్తి' అన్న మాట మాత్రం తీయను. ఎవరేమన్నా తీయను. నా కోసం వాళ్లు పోగొట్టుకున్న పనిదినాల సంగతి నేనూ ఎప్పుడూ అడగలేదు, క్లచ్ ప్లేట్ గారూ. సాయంత్రం వెళ్లి అడుగుతాను.

బాబాయ్ గారూ, ఫైలు పెట్టాను చూడండి.

బ్రెవే బాబాయ్ · 5:34
చూశాను. ఓమలూరులో ఆగిన చుక్కకి 30 మీటర్లు వెనక నుంచి మొదలుపెట్టారు. అంటే 30 మీటర్లు ఎక్కువే తొక్కారు. పూర్తి.

మియాపూర్ రైడర్ · 5:50
టైర్ సైజు ఇంకా చెప్పలేదు అన్నా.

చక్రం44 · 5:58
సారీ తమ్ముడూ. 700x32. వెనకది కరూర్ దగ్గర కోసుకుపోతే మార్చాం. అంటే, నేను పక్కన కూర్చుని అరటిపండు తిన్నాను. మార్చింది వాళ్లే.