నీటికాసుల చుక్కల మందుతో బీపీ, నాడి తగ్గుతాయా?

ప్రశ్న (పరకాల నుంచి)

మా బాపుకు 68 ఏళ్లు. పదేళ్లుగా బీపీకి మెటోప్రొలాల్ గోళీ వేసుకుంటున్నారు. నెల కింద హన్మకొండలో కంటి పరీక్ష చేయిస్తే నీటికాసులని (గ్లాకోమా, కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) తేలింది. కంటి ప్రెజర్ కుడికంట 28, ఎడమకంట 26 ఉన్నదని చెప్పి, టిమొలాల్ చుక్కలు పొద్దున, రాత్రి వేయమన్నారు. మూడు వారాలకు అది 19, 18కి దిగింది. అయితే వారం నుంచి పొద్దున్నే మంచం మీది నుంచి లేవగానే కళ్లు తిరిగి గోడ పట్టుకుంటున్నారు. ఇంట్లో మిషన్‌తో చూస్తే బీపీ 104/62, నాడి 50 ఉన్నాయి. కంటిలో వేసిన చుక్క బీపీ దాకా పోతుందా? బీపీ తగ్గితే కంటి ప్రెజర్‌కు మంచిదే అనుకోవచ్చా?

జవాబు (ఫార్మసిస్టు, హన్మకొండ)

తప్పకుండా పోతుంది. కంటి లోపల ఊరే నీటిని టిమొలాల్ తగ్గిస్తుంది కాబట్టి ప్రెజర్ దిగుతుంది. కానీ చుక్కలో కంటి మీద నిలిచేది కొంతే. మిగిలినది కన్నీటి నాళం గుండా ముక్కులోకి జారి, అక్కడి పలుచని పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన గోళీ ముందుగా కాలేయం దాటాలి, అక్కడే కొంత విరిగిపోతుంది; ముక్కు దారిన పోయిన మందుకు ఆ అడ్డు లేదు. మీరు గమనించవలసిన అసలు సంగతి ఏమిటంటే, టిమొలాల్, మెటోప్రొలాల్ రెండూ బీటా బ్లాకర్లే. బీపీ డాక్టరు గారికి చుక్కల సంగతి, కంటి డాక్టరు గారికి గోళీ సంగతి తెలియకపోతే, గుండె వేగాన్ని తగ్గించే మందు రెండు దారుల్లో చేరినట్టే. ఈ రోజే చూపించండి. స్పృహ తప్పినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఏ మందునూ మీ అంతట మీరు ఆపవద్దు; మెటోప్రొలాల్ హఠాత్తుగా మానితే గుండెకు ప్రమాదం, చుక్కలు మానితే ప్రెజర్ మళ్లీ పెరుగుతుంది.

జవాబు (కంటి విభాగంలో నర్సు, వరంగల్)

మీ రెండో ప్రశ్నకు చెబుతాను, ఎందుకంటే ఈ పొరపాటు రోజూ వింటుంటాను. కంటి ప్రెజర్ వేరు, బీపీ వేరు. కంటి ప్రెజర్ సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. కంటి నరానికి రక్తం అందాలంటే బీపీకి కొంత బలం ఉండాలి. నిద్రలో ఎలాగూ దిగే బీపీ మందుల వల్ల ఇంకా దిగితే, ప్రెజర్ అదుపులో ఉన్నా నరం దెబ్బతినవచ్చు. అందుకే గోళీని రాత్రి వేసుకుంటున్నారా అన్నది డాక్టరుకు చెప్పాలి. బాపుకు ఉబ్బసం ఉంటే అదీ ముందే చెప్పండి, టిమొలాల్ వారికి పనికిరాదు. లాటనోప్రోస్ట్ వంటి చుక్కలు నీరు బయటికి పోయే దారిని పెంచుతాయి, బీపీ జోలికి దాదాపు పోవు. మార్చాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం.

జవాబు (కాజీపేట నుంచి)

మా అమ్మకు చుక్క వేయగానే గొంతులో చేదు తగిలేది. వేసిన తరువాత కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు, మూడు నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచమని నేర్పారు. ఆ చేదు చాలా వరకు పోయింది. ఒక చుక్క చాలు, రెండు వేసినా లాభం లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. బాపు కూడా చేదు అంటుంటే గోళీ చేదనుకున్నాము. చీటీలు, చుక్కల సీసా ఒకే సంచిలో పెట్టాను. మధ్యాహ్నం బీపీ డాక్టరు గారి దగ్గరికి పోతున్నాము, కంటి డాక్టరు గారికి ఫోన్‌లో నాడి సంగతి చెప్పాను.